సిస్‌ప్లాటిన్ కీమోలో పసుపు క్యాప్సూళ్లు, పునర్నవ కషాయం కిడ్నీలను కాపాడతాయా?

మీరు అడిగింది ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్లు, విజయవాడలో నోటి క్యాన్సర్‌కి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ మొదలుపెట్టబోతున్నారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ 1.1. బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నారు. ఈ కీమో మందు కిడ్నీలను దెబ్బతీస్తుందని విని బంధువులు మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ క్యాప్సూళ్లు, పునర్నవ కషాయం తెచ్చిచ్చారు. రెండు వారాలుగా రెండూ వాడుతున్నారు. ఏ మొక్క పదార్థం నిజంగా పనిచేస్తుంది, ఎంత మోతాదులో ఇవ్వాలి అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. కీమో, రేడియేషన్ నడిచే ఆరేడు వారాలూ క్యాప్సూళ్లు, కషాయం రెండూ ఆపేయండి. కూరలో, పప్పులో వేసే పసుపు మామూలుగా వేసుకోండి, దానికి భయపడొద్దు. మీ నాన్నగారి కిడ్నీలకు రుజువైన రక్షణ సెలైన్, మెగ్నీషియం, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకు దూరంగా ఉండటం. మిగతాదంతా ఎందుకు ఇలా అంటున్నానో వివరణ. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

సిస్‌ప్లాటిన్‌లో ఉండేది ప్లాటినం. దాన్ని ఒంట్లోంచి బయటికి పంపే పని కిడ్నీలదే. ఆ క్రమంలో కిడ్నీ గొట్టాల మొదటి భాగంలోని కణాలు మందును లోపలికి లాక్కుంటాయి. ఓసీటీ2 అనే రవాణా ప్రొటీను అందుకు దారి ఇస్తుంది. కణం లోపల మందు గాఢత రక్తంలో ఉన్నదానికి సుమారు 5 రెట్లకు చేరుతుంది. అక్కడ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి, వాపు పుట్టించే సంకేతాలు మొదలవుతాయి, చివరికి కణాలు చచ్చి రాలిపోతాయి. మెగ్నీషియంను వెనక్కి తీసుకునే పని కూడా కుంటుపడి, అది మూత్రంలో పోతూ ఉంటుంది. ఈ మందు తీసుకున్నవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి ఏదో ఒక స్థాయిలో కిడ్నీ దెబ్బ తగులుతుందని లెక్క. మీ భయం అర్థం లేనిది కాదు.

మొక్క పదార్థాల సంగతి ఇక్కడే వస్తుంది. పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, నల్లజీలకర్రలోని థైమోక్వినోన్, ద్రాక్ష తొక్కలో, వేరుశనగ పొట్టులో ఉండే రెస్వెరట్రాల్, గ్రీన్ టీలోని ఈజీసీజీ, మిల్క్ థిజిల్ గింజల నుంచి తీసే సైలిమారిన్... ఇవన్నీ సరిగ్గా ఆ మెట్ల మీదే పనిచేస్తాయి. ఫ్రీ రాడికల్స్‌ని అణుస్తాయి, కణం సొంత రక్షణను నిద్రలేపే ఎన్‌ఆర్‌ఎఫ్2ని కదిలిస్తాయి, వాపును నడిపే ఎన్‌ఎఫ్ కప్పా బీని తగ్గిస్తాయి. ఎలుకల్లో వీటిని ఇస్తే క్రియాటినిన్ తక్కువగా పెరిగింది, కిడ్నీ ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే గొట్టాలు మెరుగ్గా ఉన్నాయి. ఆ ఫలితాలు నిజమే. క్యాప్సూళ్లు అమ్మేవాళ్లు చూపించేవి కూడా ఎక్కువగా అవే.

ఆ ప్రయోగం ఎలా చేస్తారో చూస్తే తేడా తెలుస్తుంది. యుక్తవయసులో ఉన్న, ఏ రోగమూ లేని ఎలుకలు. వాటికి కిలో బరువుకి 5 నుంచి 7.5 మి.గ్రా. సిస్‌ప్లాటిన్ ఒకే దెబ్బలో పొట్టలోకి సూది వేస్తారు. సెలైన్ ఎక్కించరు. మొక్క పదార్థాన్ని చాలాసార్లు కొన్ని రోజుల ముందు నుంచే మొదలుపెడతారు. కొద్ది రోజుల తర్వాత కిడ్నీలు తీసి చూస్తారు. ఎక్కువ ప్రయోగాల్లో ఆ ఎలుకకు క్యాన్సరే ఉండదు, కాబట్టి కిడ్నీని కాపాడిన పదార్థం కణితిని కూడా కాపాడిందా అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ కణాన్ని చంపే దారుల్లో ఫ్రీ రాడికల్స్ కూడా ఒకటి. అందుకే కీమో నడిచే రోజుల్లో వాటిని అణిచే యాంటీ ఆక్సిడెంట్లు పెద్ద మోతాదులో వద్దని క్యాన్సర్ వైద్యులు అంటారు.

మోతాదు లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఎలుకకు కర్క్యుమిన్ కిలోకి 200 మి.గ్రా. ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే 6.2తో భాగించాలి. కిలోకి సుమారు 32 మి.గ్రా. వస్తుంది. 60 కిలోల మనిషికి అది 1,900 మి.గ్రా. పైమాటే. పసుపు పొడిలో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్లు అటూ ఇటూగా ఉంటుంది. అంటే దుగ్గిరాల యార్డు నుంచి తెచ్చిన మంచి కొమ్ములే ఆడించినా రోజుకి 60 గ్రాములకు పైగా పొడి తినాలి. మన ఇళ్లలో కూరల ద్వారా ఒక్కో మనిషికి వెళ్లేది రోజుకి గ్రాము, ఒకటిన్నర గ్రాము. కాబట్టి వంటింటి పసుపు కీమో నుంచి కిడ్నీలను కాపాడదు, చెడగొట్టదు కూడా.

పొడి చాలకపోతే క్యాప్సూల్ ఉందిగా అంటారు. కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో బెంగళూరులో చేసిన పరిశీలనలో 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో అది దాదాపు కనిపించనే లేదు. దానికి 20 మి.గ్రా. పైపరిన్, అంటే మిరియాల సారం కలిపితే ఎన్నో రెట్లు పెరిగింది. అందుకే మీ క్యాప్సూల్‌లో పైపరిన్ కలిపారు. కానీ పైపరిన్ ఆ పని చేసేది పేగుల్లో, లివర్‌లో మందులను విరగ్గొట్టే ఎంజైముల్ని అడ్డుకునే. కర్క్యుమిన్‌తో పాటు వేరే మందుల గాఢత కూడా పెరగొచ్చు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ విషయంలో ఇది మనుషుల్లోనే చూశారు. కీమో రోజుల్లో వాంతి మందులు, నొప్పి మందులు, బీపీ మందు అన్నీ కలిసి లోపలికి వెళ్తుంటాయి. ఆ మధ్యలో ఎంజైముల్ని అడ్డుకునే పదార్థం ఒకటి చేర్చడం మంచిది కాదు. చారులో వేసే మిరియాలకు ఈ భయం అక్కర్లేదు, నేను చెప్పేది సారం గురించి.

ఇక మనుషుల మీద చేసిన పరీక్షలు. కెనడాలో పొట్టలోని పెద్ద రక్తనాళం ఆపరేషన్‌కి వెళ్లిన 606 మందితో ఒక పెద్ద పరీక్ష చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా కొందరికి కర్క్యుమిన్ 2,000 మి.గ్రా. చొప్పున 8 మోతాదులు, మిగతావారికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. కిడ్నీలకు దెబ్బ తగులుతుందా లేదా అన్నది చూసిన వాటిలో ఒకటి. ఉత్త మాత్ర వాళ్లలో నూటికి 10 మందికి కిడ్నీ దెబ్బ తగిలితే, కర్క్యుమిన్ వాళ్లలో 17 మందికి తగిలింది. అది కీమో పరీక్ష కాదు, నిజమే. అయినా కిడ్నీల రక్షణ కోసం మనుషులకు కర్క్యుమిన్ పెద్ద మోతాదులో ఇచ్చి చూసిన గట్టి పరీక్షల్లో అదొకటి, దాని ఫలితం ఇలా వచ్చింది. సిస్‌ప్లాటిన్‌తో పాటు సైలిమారిన్ ఇచ్చి ఇరాన్‌లో చేసిన చిన్న పరీక్షల్లో ఒకటి లాభం ఉందంది, రోజుకి 420 మి.గ్రా. ఇచ్చిన ఇంకొకటి లేదంది. పదుల సంఖ్యలో రోగులతో చేసిన ఇలాంటి వాటిని పట్టుకుని మోతాదు రాసివ్వలేం.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. తులసిలో, లవంగాల్లో ఓలియనోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ కుటుంబం నుంచే రసాయనికంగా మార్చి బార్డోక్సోలోన్ అనే మందు తయారుచేశారు. ఎన్‌ఆర్‌ఎఫ్2ని బలంగా లేపుతుంది. షుగరుతో కిడ్నీలు బాగా దెబ్బతిన్న 2,185 మందికి పరీక్ష మొదలుపెడితే, క్రియాటినిన్ లెక్కలు మెరుగయ్యాయి కానీ గుండె వైఫల్యం కేసులు పెరిగి 2012లో ఆపేయాల్సి వచ్చింది. రిపోర్టులో అంకె బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు. మరోవైపు, మొక్క నుంచి కిడ్నీలకు నిజంగా మేలు జరిగిన చరిత్ర కూడా ఉంది. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. దాని నమూనా మీదనే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వచ్చాయి. 4,304 మందితో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముదరడం తగ్గింది. బెరడు కషాయంగా ఉన్నన్నాళ్లూ అది పనికిరాలేదు. ఫ్లోరిజిన్ పేగుల్లోనే విరిగిపోతుంది కాబట్టి దాని నిర్మాణం మార్చాల్సి వచ్చింది. ఇది కీమో దెబ్బకు ఇచ్చే మందు కాదు, డాక్టర్‌ని అడగకుండా మీరు మొదలుపెట్టొద్దు. మొక్కల మీద నాకు చిన్నచూపు లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

పునర్నవ గురించి విడిగా రాయాలి, మన జిల్లాల్లో దీని వాడకం ఎక్కువ కనుక. ఇందులో మొదటి చిక్కు మొక్కతోనే. అసలు పునర్నవ అంటే అటుకమామిడి, ఎర్ర గలిజేరు అని కూడా అంటారు. నేలమీద పాకుతుంది, చిన్న గులాబీ రంగు పూలు గుత్తులుగా పూస్తాయి, కాయలు వేలికి, బట్టకి జిగటగా అంటుకుంటాయి, వేరు లావుగా దుంపలా ఉంటుంది. పొలం గట్ల మీద కనిపించే తెల్ల గలిజేరు వేరే మొక్క. ఆకు మందం, పువ్వు ఒక్కొక్కటిగా ఆకు మొదట్లో సంచిలాంటి తొడుగులో దాక్కుని ఉంటుంది, గింజలు నల్లగా ఉంటాయి. ఈ రెండోదాన్ని కూడా పునర్నవ పేరుతో కోసి అమ్ముతారు. దాని ఆకులో కిడ్నీ రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ. రోజూ గుప్పెడు ఆకు కాచి తాగితే ఆ ఆక్సలేట్ చేరేది కిడ్నీ గొట్టాలకే.

సరైన మొక్కే అయినా రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అందులో పొటాషియం లవణాలు ఎక్కువ. టెల్మిసార్టన్ కూడా పొటాషియంను పెంచే మందే. కిడ్నీ కాస్త నెమ్మదించిన రోజున ఈ రెండూ కలిస్తే పొటాషియం 6 దాటి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రెండు, అది మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. మూత్రం ధారాళంగా వస్తోంది కదా, కిడ్నీలు బాగున్నాయి అనుకుంటారు. సిస్‌ప్లాటిన్ రోజుల్లో ఒంట్లో నీరు నిలవాలి. వాంతులతో పోయే నీటికి తోడు కషాయం ఇంకొంత లాగేస్తే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, మందు గొట్టాల్లో ఇంకా గాఢంగా నిలుస్తుంది.

పల్లేరు కాయల కషాయం, ఉసిరి రసం గ్లాసులకు గ్లాసులు, పసుపు మాత్రలు కూడా కీమో రోజుల్లో వద్దు. ఉసిరిలోని సి విటమిన్ మితిమీరితే ఆక్సలేట్‌గా మారుతుంది. పసుపులో ఆక్సలేట్ ఎలాగూ ఉంది, రోజుకి 2.8 గ్రాముల పసుపు మాత్రలుగా ఇచ్చిన ఒక పరిశీలనలో మూత్రంలో ఆక్సలేట్ పెరిగింది. ఒకటి రెండు ఉసిరికాయలు, అన్నంలోకి ఉసిరి పచ్చడి తింటే ఏమీ కాదు.

వీటన్నిటికంటే ప్రమాదమైనవి కొన్ని ఉన్నాయి. ఎవరు ఎంత నమ్మకంగా ఇచ్చినా గాడిదగడపాకు, ఈశ్వరి వేరు నోట్లోకి వెళ్లకూడదు. ఈ రెండూ అరిస్టోలోకియా జాతివి. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను మళ్లీ కోలుకోలేనంతగా ఎండబెడుతుంది, మూత్రనాళంలో క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఈ జాతి మొక్క కలిసి వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. పాదరసం కలిసిన నాటు మందులూ అంతే. వెల్లూరు సీఎంసీ వైద్యులు 2022లో అలాంటి మందులకూ, మూత్రంలో ప్రొటీన్ పోయే ఒక రకం కిడ్నీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. లేబుల్ లేని పొట్లం, తయారీ లైసెన్సు నంబరు లేని సీసా ఇంట్లో ఉంటే పారేయండి. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చికిత్స పూర్తయ్యాక చదువుకున్న ఆయుర్వేద వైద్యుణ్ని కలవండి, ఈ రిపోర్టులన్నీ చూపించండి.

ఇక చేయాల్సిన పని. నోటి క్యాన్సర్‌లో రేడియేషన్‌తో ఇచ్చే సిస్‌ప్లాటిన్ రెండు రకాలుగా ఉంటుంది. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 100 మి.గ్రా. చొప్పున 3 వారాలకోసారి, లేదా 40 మి.గ్రా. చొప్పున వారానికోసారి. మీ నాన్నగారి వైశాల్యం 1.6 అయితే 160 లేదా 64 మి.గ్రా. కిడ్నీల మీద ఒక్కసారిగా పడే భారం మొదటిదాంట్లో ఎక్కువ. ఏది ఇస్తున్నారో అడిగి రాసుకోండి.

మందుకి ముందూ తర్వాతా నార్మల్ సెలైన్ ఎక్కిస్తారు. పెద్ద మోతాదుకి మొత్తం 2 నుంచి 3 లీటర్లు, వారం మోతాదుకి 1 నుంచి 2 లీటర్లు ఉంటుంది. గుండె పరిస్థితిని బట్టి డాక్టర్ మారుస్తారు. సెలైనే ఎందుకంటే, అందులోని క్లోరైడ్ ఉన్నంతసేపు సిస్‌ప్లాటిన్ తన చురుకైన రూపంలోకి త్వరగా మారదు. ఆ సెలైన్‌లో మెగ్నీషియం సల్ఫేట్ కలుపుతున్నారా అని అడగండి. 2 మి.లీ. ఆంప్యూల్‌లో 1 గ్రాము ఉంటుంది. మామూలుగా ఒకటి లేదా రెండు ఆంప్యూళ్లు కలుపుతారు. ఒంట్లో మెగ్నీషియం తగ్గితే కిడ్నీ కణాలు సిస్‌ప్లాటిన్‌ని ఇంకా ఎక్కువగా లాక్కుంటాయి. అందుకే అన్ని మొక్కల సారాల కంటే ఈ చిన్న ఆంప్యూల్ విలువైంది. సెలైన్ తొందరగా దించేసి ఇంటికి వెళ్లిపోదామని మీరు సిస్టర్‌ని తొందరపెట్టకండి. గుంటూరు నుంచి వచ్చి ఆఖరి బస్సు పట్టుకోవాలని ఆఖరి సీసా వదిలేసి వెళ్లేవాళ్లు ఉంటారు, అక్కడే నష్టం జరుగుతుంది.

ఇంటికొచ్చాక మూడు రోజులు రోజుకి కనీసం 2 లీటర్లు లోపలికి వెళ్లాలి. లీటరు సీసాలు రెండు నింపి పక్కన పెట్టుకుంటే లెక్క తప్పదు. మజ్జిగ, బార్లీ నీళ్లు, పల్చటి గంజి అన్నీ లెక్కలోకే వస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి కలిపితే ఉప్పు గాఢమై వాంతి ఇంకా పెరుగుతుంది. కొబ్బరి నీళ్లలో 100 మి.లీ.కి సుమారు 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. రిపోర్టులో పొటాషియం ఎంతుందో చూసి, డాక్టర్ సరేనన్నాకే ఇవ్వండి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూడండి, ఒక్కరోజులో కిలో తగ్గిందంటే అది నీరే. 60 కిలోల మనిషికి రోజు మొత్తంలో మూత్రం 720 మి.లీ. కంటే తగ్గినా, రెండు పూటలు వాంతులతో ఏమీ నిలవకపోయినా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. వాంతులు, విరేచనాలు ఎక్కువైన రోజు టెల్మిసార్టన్ వేయాలా ఆపాలా అన్నది ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. విజయవాడ ఎండలు 45 డిగ్రీలు తాకే రోజుల్లో చికిత్స పడితే ఈ జాగ్రత్తలు రెట్టింపు కావాలి.

ఈ చికిత్సలో కిడ్నీలు ఎక్కువగా దెబ్బతినేది మూడో వారం తర్వాత. రేడియేషన్‌తో నోరంతా పుండ్లు పడి గుటక దిగదు. నీళ్లు తాగడం సగానికి పడిపోతుంది, నొప్పికి ఎవరో డైక్లోఫెనాక్ ఇస్తారు, పైన సిస్‌ప్లాటిన్ నడుస్తూ ఉంటుంది, బీపీకి టెల్మిసార్టన్ ఉండనే ఉంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని నొప్పి మాత్ర బిగిస్తుంది, బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టన్ వదులు చేస్తుంది, ఒంట్లో నీరు లేదు. ఇక వడపోత ఒత్తిడి ఎక్కడిది? కాబట్టి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, ఏదీ వద్దు. మెడికల్ షాపులో ఇచ్చే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో చదవండి, పారాసెటమాల్ అని తెచ్చుకున్నదాంట్లో చాలాసార్లు ఎసిక్లోఫెనాక్ కలిసి ఉంటుంది. ఒట్టి పారాసెటమాల్ రోజుకి 3 గ్రాములు దాటకుండా, దానికి లొంగకపోతే ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి డాక్టర్ రాస్తారు. గుటక మరీ కష్టమైతే ముక్కు గొట్టం పెట్టడానికి ఒప్పుకోండి, అది చివరి దశ అని కాదు. నీళ్లూ తిండీ లోపలికి వెళ్లే దారి అది.

జ్వరం వచ్చి ఇంజెక్షన్లు పెట్టాల్సి వస్తే జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్స్ కిడ్నీల్లో సిస్‌ప్లాటిన్ దెబ్బతీసే భాగాన్నే దెబ్బతీస్తాయి. సిస్‌ప్లాటిన్ నడుస్తోందని చెప్తే డాక్టర్ వేరేది చూస్తారు. రంగు మందు వేసే సీటీ స్కాన్ కూడా కీమో రోజుకి దగ్గరగా పడకుండా చూడమనండి. దానికి ముందు ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు వేసుకుంటే కాపాడుతుందన్న మాట 2018లో దాదాపు 5,000 మందితో చేసిన పరీక్షలో నిలబడలేదు.

రక్త పరీక్ష ప్రతి కీమోకి ముందు ఉంటుంది. 3 వారాల పద్ధతి అయితే మధ్యలో 7వ రోజు దరిదాపుల్లో కూడా ఒకటి చేయించండి, క్రియాటినిన్ పెరుగుదల మందు పడ్డ కొన్ని రోజులకే బయటపడుతుంది కాబట్టి. మామూలు కిడ్నీ ప్యాకేజీలో మెగ్నీషియం ఉండదు, విడిగా రాయించాలి. ఇప్పుడున్న 1.1కి కిడ్నీల వడపోత (రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉంటుంది) నిమిషానికి సుమారు 78 మి.లీ. అది 1.6 అయితే 50కి పడిపోయినట్టు. 1.4 వచ్చి ల్యాబ్ కాగితంలో మామూలే అని ఉన్నా, మీ నాన్నగారి విషయంలో 0.3 పెరిగింది, డాక్టర్‌కి చూపించాల్సిందే. తిండి లేక కండ తగ్గినవాళ్లలో క్రియాటినిన్ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అనుమానం ఉంటే కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి అనే రక్త పరీక్ష అడగండి. కాళ్లలో పిక్కలు పట్టేయడం, చేతులు వణకడం మెగ్నీషియం పడిపోతున్న గుర్తులు కావచ్చు.

రెండు వారాలుగా తాగిన కషాయం వల్ల ఏదో అయిపోయిందని కంగారు పడొద్దు. ఇవాళే ఆపేసి, మొదటి కీమోకి ముందు క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం, లివర్ పరీక్షలు, మూత్ర పరీక్ష ఒకసారి చేయించండి. సీసానీ, క్యాప్సూల్ డబ్బానీ దాచకుండా క్యాన్సర్ డాక్టర్ బల్ల మీద పెట్టి, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, రోజుకి ఎన్ని మి.లీ., ఎన్ని క్యాప్సూళ్లు అన్నది ఫైలులో రాయించండి. తెచ్చిచ్చిన బంధువులతో గొడవ పెట్టుకోకుండా, కీమో రోజున సెలైన్ దిగేదాకా పక్కన కూర్చునే పని వాళ్లకి అప్పజెప్పండి.